బెంచీ మీద ఉద్యోగం

కంప్యూటర్ కంపెనీల్లోంచి జనాన్ని తీసేస్తున్నారని పేపర్ల నిండా అదే గోలగా ఉన్న రోజులవి. ఉయ్యూరు బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడి ఒళ్ళో కంపెనీ పేరున్న బ్యాగు ఉంది.

"పెద్ద కంపెనీయేనా బాబూ?" అన్నాను.

"పెద్దదేనండీ. ఏసీ, భోజనం, ఇంటికి కారు, అన్నీ ఇస్తారు. పనే ఇవ్వట్లేదు. మూడు నెలల్నించి బెంచీ మీద ఉన్నాను."

జీతం ఇస్తూ పని లేకుండా కూర్చోబెట్టడాన్ని వాళ్ళ భాషలో అలా అంటారట. నాకు నవ్వాగలేదు.

"ఏడో క్లాసులో మా లెక్కల మాస్టారు నన్నూ బెంచీ ఎక్కించారు బాబూ. అట్నుంచటే కిటికీలోంచి దూకి ఆటోనగర్ మెకానిక్కు షెడ్లో పడ్డాను. ఇప్పటికీ లారీల కిందే పడుకుంటున్నా. మీకు బెంచీ ఎక్కినందుకు జీతం కూడానా!"

కుర్రాడు నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"సోమవారం లోపు మా అంతట మేమే రాజీనామా చేస్తే మర్యాదగా ఉంటుందంటున్నారండీ. ఏం చెయ్యాలో తేలట్లేదు. అవునూ, మీరు దూకాక మాస్టారు వెనక్కి పిలిచారా?"

ఆ కథ చెప్పి ఆటోనగర్లో ఎంతమందిని నవ్వించానో లెక్కలేదు. ఆ మాట మాత్రం ఎవరూ అడగలేదు.

"లేదు బాబూ," అన్నాను.

అతను తలూపి, బ్యాగు భుజాన వేసుకుని కంకిపాడులో దిగిపోయాడు. పిలుస్తారేమోనని ఆ సాయంత్రం దాకా నేను బడిగోడ అవతలే కూర్చున్నానని కూడా చెప్పాల్సింది.