లెక్కలోంచి తీసేసిన బోరింగు

సుబ్బరావమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ, ఆ పల్లెలో నీళ్ళ పరీక్ష ఆమె చేతిమీదుగానే జరుగుతుంది. డ్వాక్రా సంఘంలోంచి ఆమెను ఎంచి, ఒంగోలులో శిక్షణ ఇప్పించి, మందు సీసాల పెట్టె చేతికిచ్చారు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలట. రెండువేల ముప్పై నాటికి లోకంలో అందరికీ మంచినీళ్ళు అందాలట. లోకం సంగతి ఆమెకెందుకు? ఆమె బెంగంతా మనవరాలు హారిక మీదే. తల్లి లేని పిల్ల. పదేళ్ళకే పళ్ళకు గార పట్టింది, పొద్దున్నే మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోతోంది.

వాళ్ళ వీధికి ఆధారం ఒక్కటే బోరింగు. ఆ నీళ్ళలో మందు చుక్కలు వేస్తే పసుపురంగుకు తిరిగాయి. పసుపు శుభమంటారు గానీ, ఈ పరీక్షలో మాత్రం పళ్ళనూ ఎముకలనూ పట్టే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. సుబ్బరావమ్మ లోలోపల సంతోషించింది కూడా. ఉన్నమాట పైవాళ్ళకు తెలిస్తే సాగర్ కాలవ నీళ్ళు పైపులో వస్తాయని నమ్మి, ఫోన్లో ఫొటో తీసి పంపింది.

పైపు రాలేదు, ఎర్రరంగు డబ్బా వచ్చింది. బోరింగుకు రంగు పూసి, 'తాగరాదు' అని రాసి పోయారు. మరేం తాగాలో రాయలేదు, మహానుభావులు. మిరపకోత కూలి దొరికినన్నాళ్ళూ ఆమె హారిక కోసం క్యాన్ నీళ్ళు కొన్నది. కోతలు అయిపోయాక వీధంతా మళ్ళీ ఆ ఎర్ర బోరింగు కిందే బిందెలు పెట్టింది.

ఏడాది తిరిగేసరికి మండలంలో సభ. ఆ పల్లెకు శుద్ధజల గ్రామమని బహుమతి. సుబ్బరావమ్మను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆమెకేమీ అర్థం కాలేదు. కిందికి దిగాక అధికారిని పట్టుకుంది.

"అయ్యా, మా నీళ్ళు ఎప్పుడు బాగైనయ్యండీ?"

"అంతా మీ చలవేనమ్మా. మీరు చెప్పాక ఆ బోరింగుని తాగునీటి లెక్కలోంచి తీసేశాం. ఊళ్ళో మిగిలిన బోరింగులన్నీ మంచివే. నూటికి నూరొచ్చింది."

"మిగిలినవాటిల్లో చుక్క రావట్లేదు గదండీ."

"నీళ్ళు రాకపోతే అది వేరే శాఖమ్మా. నాణ్యతలో మాత్రం మీకు చెడ్డది ఒక్కటీ లేదు."

"మరి కాలవ నీళ్ళో?"

"చెడ్డనీళ్ళున్న ఊళ్ళకి ముందు ఇస్తారు. మీ ఊరు ఇప్పుడు అందులో లేదు గదా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరిమీద చూపించాలి? అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరాయె. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హారిక బడినించి కుంటుకుంటూ వచ్చింది.

"నాయనమ్మా, దాహమేస్తంది."

క్యాన్ ఖాళీగా ఉంది. సుబ్బరావమ్మ బోరింగు నీళ్ళ బిందెలోంచి గ్లాసు ముంచింది. ఆ నీళ్ళలో ఏముందో పల్లె మొత్తం మీద ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పిల్ల గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

ఇచ్చింది.