శేషం అరవై నాలుగు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే రోడ్డు కన్నా గుంతలు ఎక్కువ. ఎల్బీనగర్ పక్కన మా కాలనీలో ఇళ్ల కన్నా హద్దురాళ్లు ఎక్కువ. అయినా భక్తికి లోటు లేదు, కోపానికి అసలే లేదు. (ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడవంటారు పెద్దలు. నాలో ఇమిడాయి.) ఖాళీ ప్లాటులో వేసిన రేకుల షెడ్డే మా సత్సంగం. అందరం కలిసి కోటి రామనామ జపం పట్టాం. ఇంటింటా తిప్పిన మాలల మొత్తాన్ని షెడ్డులోని బోర్డు మీద కూడుతూ వచ్చాం. చివరి మాల మా నాయనమ్మ తిప్పాలని, ఆఖరి పూస పడగానే శంఖం ఊదాలని ప్రెసిడెంటు గారు నిర్ణయించారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగి.

నేనప్పుడు బీఎస్సీ లెక్కలు చదువుతున్నాను. మాలకు నూట ఎనిమిది పూసలు. కోటిలో ఉన్నవి ఒక ఒకటి, ఏడు సున్నాలు, అంకెలన్నీ కూడితే ఒకటే. మూడుతోనే శేషం లేకుండా తెగని సంఖ్య నూట ఎనిమిదితో ఎలా తెగుతుంది? తొంభై రెండు వేల ఐదు వందల తొంభై రెండు మాలలు పోగా అరవై నాలుగు మిగులుతుంది. అంటే కోటి నిండేది మాల మధ్యలో. శంఖం అరవై నాలుగో పూసకే ఊదాలి. ఆ మాటే చెప్పాను.

"భగవంతుడి సంఖ్యలో శేషం ఏవిటయ్యా? నీకు విశ్వాసం తక్కువ" అన్నారాయన.

విశ్వాసం తక్కువట, ప్రతి ప్రవచనానికీ ముందు వరుసలో కూర్చునే నాకు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. పూర్ణాహుతి రోజు కాలనీ అంతా చూస్తుండగా హోమగుండం ముందే ఇద్దరం అరుచుకున్నాం. శంఖం పట్టిన డ్రాయింగ్ మాస్టారు, ఎవరు గెలిస్తే వాళ్ల పూసకు ఊదుదామని బుగ్గలు పూరించి నిలబడ్డాడు.

"ఏంది మీ లొల్లి?" అంది నాయనమ్మ. "మాలకు నూరే లెక్క. పై ఎనిమిది తప్పులకు. నోరు రామా అంటది, మనసు పొయ్యి మీది పాల కాడుంటది. గందుకే ఇడిసిపెడ్తరు."

"ముందే చెప్పకపోయారా అమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నన్నెవరడిగిండ్రు?"

అంతలోనే ఆయన ముఖం వెలిగింది. "అయితే సరిగ్గా లక్ష మాలలు. చూశావా, శేషం లేదు."

"లేదండీ" అన్నాను పళ్లు కొరుకుతూ. "తిప్పినవి పోగా ఇంకా ఏడు వేల నాలుగు వందల ఎనిమిది మాలలు తిప్పాలి, అంతే."

మాస్టారి బుగ్గల్లోంచి గాలి పోయింది. అవతల పులిహోర చల్లారుతోంది. తప్పంతా నాదే అన్నట్టు అందరూ నన్నే కొరకొరా చూశారు. నాయనమ్మ తన మాల తెచ్చి నా చేతిలో పెట్టింది. "లెక్క తెలిసినోనివి, నువ్వే మొదలువెట్టు బిడ్డా. కోపం తగ్గేదాక తిప్పు. ఊరికి ఆసరైతది."

ఇప్పుడు నేను వనస్థలిపురంలో రోజూ తిప్పేది ఆ మాలే. రెండు నామాల తర్వాత ప్రెసిడెంటు గారు గుర్తుకొస్తారు, తర్వాత పక్కింటివాళ్ల బోరు మోటారు, ఆ తర్వాత మళ్లీ ఆయనే. తప్పులకని వదిలిన ఎనిమిదీ మొదట్లోనే అయిపోతాయి. నాయనమ్మ ఉండి లెక్క కట్టి ఉంటే, నా మాలకు నూరు కూడా వేసేది కాదు. అరవై నాలుగు వేసేదేమో.