నాన్న చెవి మీద నా సంతకం

కూతుళ్లు తండ్రిని కడుపులో పెట్టుకు చూసుకుంటారంటారు. ఛీ, అందరు కూతుళ్లూ కాదు.

ఖరగ్‌పూర్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటుని. అప్పటికి ఆరేళ్లుగా కాంట్రాక్టు బతుకే. బేరింగు చెడిపోయేలా ఉంటే ముందే చెప్పే యంత్రాన్ని మా కాలేజీ, ఒక కంపెనీ కలిసి తయారుచేశాయి. దాన్ని అతిథుల ముందు నడిపి చూపించడం సజావుగా జరిగితే కాలేజీకీ కంపెనీకీ ఒప్పందం కుదురుతుంది, నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. యంత్రం మాట నిజమేనని అనుభవమున్న పనివాడొకడు చెప్పాలన్నారు. నేను ఎగిరి గంతేసి మా నాన్నని తీసుకెళ్లాను. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. ఇనప కడ్డీ ఒక కొస బేరింగు మీద పెట్టి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, లోపలి జబ్బు చెప్పేసేవాడు.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బేరింగు బాగుందంటూ యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది. నాన్న కడ్డీ పెట్టి విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి నాకు తెలియనిదా?

"ఠీక్ హై నా, దాదా?" అన్నాడు మా ప్రొఫెసరు.

"ఠీక్ హై సాబ్," అన్నాడు నాన్న. చప్పట్లు మోగాయి.

వర్క్‌షాపు మనుషుల పద్ధతది. బయటివాళ్ల ముందు ఆఫీసరు మాట కాదనరు. తరవాత ఆయనే పక్కకి పిలిచి అడుగుతాడు, అప్పుడు ఉన్నదున్నట్టు చెప్తారు. లోపల అందరూ బిర్యానీ తింటుంటే నాన్న వరండాలో ఆ పిలుపు కోసం కూర్చున్నాడు.

"అమ్మా, ఆ బేరింగు పోనాది. సాబు నన్నెప్పుడు పిలుస్తాడు?"

"నోరు మూసుకో నాన్నా! సంతకాలైపోనాయి. మద్దెలో నీ గోలేటి?"

వారం తిరక్కుండా ఆ బేరింగు బిగుసుకుపోయి షాఫ్టు విరిగింది. యంత్రం తప్పంటే కంపెనీ పరువు పోతుంది, కంపెనీ పోతే కాలేజీకి దిక్కు లేదు. దొరికినవాడు మా నాన్న. ముసలాయనకి చెవుడనీ, ఆయన తప్పుడు మాట వల్లే నష్టమనీ ఇంగ్లీషులో రిపోర్టు రాసి, ల్యాబు తరఫున నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆ నెలలోనే పర్మనెంటు ఆర్డరొచ్చింది.

"నా గురించేటి రాసినారమ్మా?" అని నాన్న ప్రాణం తీశాడు.

"మంచిగానే రాసినారు," అన్నాను. కాపీ అడిగితే, ఇంగ్లీషు రాదులే అన్న ధీమాతో ఇచ్చాను కూడా. ఎంత పొగరు!

దాన్ని జేబులో పెట్టుకుని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో టీకొట్టుకి పోయాడు. పాత ఫిట్టర్లంతా పొద్దున్నే అక్కడ చేరతారు. వాళ్లలో ఒక రిటైర్డు గుమస్తాకి ఇంగ్లీషు వచ్చు. అది నాకు తట్టనేలేదు.

నాన్న ఇంటికొచ్చి, కాగితం మడత పెట్టి నా ముందుంచాడు.

"సదివించినానమ్మా. సదవక ముందే, కింద మా అమ్మాయి సంతకం సూడండర్రా అని అందరికీ సూపించేసినాను."