మూతి లేని ఫోను

వెబ్‌సైటులోంచి అక్షరాలన్నీ తీసి పారేసిన ఘనత పూర్తిగా నాది. అందులో ఎవరికీ వాటా లేదు, ఇప్పుడు అడిగినా ఇవ్వను.

జగిత్యాలలో గల్ఫ్ బాధితుల కోసం పనిచేసే చిన్న సంఘం ఒకటి ఉండేది. గల్ఫ్‌లో చిక్కుకుపోయిన మనిషిని రప్పించమని ఇంటివాళ్లు అర్జీ పెట్టుకోవడానికి ఒక సైటు చేసిమ్మని నన్ను అడిగారు. అర్జీ పెట్టేది ఎక్కువగా పెద్దవాళ్లు. పెద్దవాళ్లకు చదువు రాదని నేనే తేల్చేశాను. కోరుట్లలో మా కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ని. మా నాన్న ఏనాడూ ధర బోర్డు మీద రాయలేదు, నోటితోనే సరుకు అమ్మాడు. కాబట్టి నా సైటూ నోటితోనే పనిచేయాలి. అర్జీ పెట్టిన కాసేపటికి ఒక ఫోన్ వస్తుంది. చక్కటి తెలుగులో వివరాలు చెప్పి, చివర నాలుగంకెల నంబరు చెబుతుంది. బ్రోకర్ల దొంగ అర్జీలు పడకుండా, ఇంటివాళ్లు ఆ నంబరు తిరిగి నొక్కాలి. నొక్కకపోతే ‘స్పందన లేదు’ అని అర్జీ మూసుకుంటుంది.

ఊళ్లు తిరిగి పది రోజులు పరీక్షించి చూడమంది సంఘం కార్యదర్శి. బేరమాడి దాన్ని ఒక్క మధ్యాహ్నానికి దించాను. మా కొట్లో అమ్మ చేత నొక్కించాను. పెగడపల్లి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక గీత కార్మికుడి చేత నొక్కించాను. ఇద్దరూ తడుముకోకుండా నొక్కారు.

“ఫోను మంచిగ మాట్లాడుతున్నదిరా, మీ నాయిన కంటె నయం” అంది అమ్మ. ఇంతకు మించిన సర్టిఫికెట్టు ఏముంటుంది?

కొన్నాళ్లకు సిరిసిల్ల నుంచి ఒకాయన సంఘం ఆఫీసుకు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అరవై దాటిన మనిషి. కొన్నేళ్లు భివండిలో, మిగతా జీవితమంతా సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. పని తగ్గి ఇల్లు గడవకపోతే ఆయన బిడ్డ మస్కట్‌లో ఇంటిపనికి పోయింది. అక్కడి యజమానులు పాస్‌పోర్టు గుంజుకుని గడప దాటనివ్వడం లేదు. ఆమెను రప్పించమని ఈయన పక్కింటామె సాయంతో మూడుసార్లు అర్జీ పెట్టాడు. ఫోన్ వచ్చేసరికి ఆమె పక్కన ఉండేది కాదు. మూడుసార్లూ ‘స్పందన లేదు’.

“ఫోను ఎత్తలేదా బాపూ?” అన్నాను.

“ఎత్తిన.”

“మరి ఎందుకు నొక్కలే?”

“ఏం నొక్కాలె?”

ఆయన ఫోను తీసుకుని సౌండు పూర్తిగా పెంచి, కొత్త అర్జీ పెట్టాను. కాసేపటికి ఫోన్ మోగింది. గదంతా వినబడేటట్టు పలికింది. పెళ్లిలో ఎరగనివాళ్ల కబుర్లు వింటున్నట్టు ఆయన మర్యాదగా తలూపాడు గాని ఏమీ నొక్కలేదు.

“లొల్లి ఇనవడుతున్నది సారు. మాట తెలుస్తలేదు. సాంచాల కాడ చెవులు పోయినయి.”

“నేను మాట్లాడితే తెలుస్తున్నది గదా?”

“నీ మూతి సూస్తున్న. సాంచాల నడుమ అందరం గట్లనే మాట్లాడుకుంటం, మూతితోని, వేళ్లతోని. నీ ఫోనుకు మూతి లేదాయె.”

మళ్లీ ఫోన్ రప్పించి, ఈసారి నంబరు నేను విని, వేళ్లతో చూపించాను. నా చెయ్యి దిగకముందే ఆయన నాలుగంకెలూ నొక్కేశాడు. అర్జీ కదిలింది. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా ఇలాంటి ఫోన్ ఇంకా నాలుగుసార్లు వస్తుందని కార్యదర్శి చెప్పింది.

“నాలుగుసార్లా? నాలుగుసార్లు నీ వేళ్లు పట్టుకొని సిరిసిల్లకొస్తవా?” అన్నాడు నాతో.

“నంబరు రాసి చూపిస్తే చదువుతవా బాపూ?”

“ఏడు దాక సదివిన. నీ దాంట్ల అక్షరాలు ఎవ్వలెత్కపోయిండ్లు?”

కార్యదర్శి నవ్వు ఆపుకోలేదు. నేను బేరానికి దిగాను.

“వారంల చేసిస్త.”

“ఇయ్యాల.”

“మూడు రోజులు. గంత అలకగ అయ్యే పని కాదు.”

“ఏడింటికి బస్సు. గప్పటిదాక ఇక్కన్నే కూసుంట.”

రెండో మాట చెప్పని మనిషితో బేరం ఎలా ఆడాలో మా కొట్లో ఎవరూ నేర్పలేదు. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు, నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ముందు నంబరు తెర మీదికి తెచ్చాను. చూడముచ్చటగా ఉంటుందని లేత బూడిద రంగు వేశాను.

“రంగు ఎలిసినట్టున్నది. ఎన్నిసార్లు ఉతికినవు?” అన్నాడు. తెల్లటి తెర మీద నలుపు చేశాను. ఆయన బొటనవేలితో మూడు నొక్కితే ఆరు కూడా పడింది, గడులు పెద్దవి చేసి ఎడం పెట్టాను. ఒక్కో అంకె సరిచూసుకుంటూ నొక్కుతుంటే నిమిషం నిండి తెర మూసుకుపోయింది.

“ఎవలు తరుముతున్నరు సారు?”

ఎవరూ తరమడం లేదు. గిరాకీని ఆలోచించుకోనిస్తే చేజారిపోతుందని కొట్లో అబ్బిన బుద్ధి, సైటులోకీ ఎక్కింది. గడువు తీసేశాను. ఫోన్ వస్తే చేతిలో గట్టిగా వణికేటట్టు పెట్టాను. కళ్లు ఆననివాళ్లకు, చదవలేనివాళ్లకు పనికొస్తుందని మాటనూ ఉంచాను. ఆరున్నరకు ఆయన ఎవరి సాయం లేకుండా చూసి, చదివి, నొక్కి, “గిప్పుడు సరిగున్నది” అని బస్టాండుకు నడిచాడు. మిగతా నాలుగుసార్లూ ఇంట్లో కూర్చునే నొక్కాడు. బిడ్డ ఇల్లు చేరింది.

ఇప్పుడు ఏ సైటు చేసినా రుద్రంగిలోనో గంభీరావుపేటలోనో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు తిట్టింది తిట్టినట్టు రాసుకోనిదే అప్పగించను. అన్ని రోజులెందుకని అడిగేవాళ్ల దగ్గర ఒక్క పూట కూడా తగ్గను. ఈ పని మా దిక్కున నాకంటే బాగా చేసేవాడు లేడని చెప్పుకుంటాను, చాలావరకు నిజమే.

ఆయన బిడ్డ వచ్చాక ఒకరోజు ఆ అర్జీల తేదీలన్నీ ముందు పెట్టుకున్నాను. మొదటి అర్జీ నుంచి ఆయన జగిత్యాల వచ్చిన రోజు దాకా ముప్పై ఎనిమిది రోజులు. ఆ తర్వాతి ఆలస్యం కాగితాలది, టికెట్టుది, నాది కాదు. ఈ ముప్పై ఎనిమిదిలోనూ సంఘం ఆఫీసు తెరవని ఆరు ఆదివారాలు, ఒక పండుగ కోసేస్తే నా వంతు ముప్పై ఒకటికి దిగుతుంది. కోసి చూశాను కూడా. కానీ మస్కట్‌లోని ఆ ఇంట్లో ఆమెకు ఒక్కరోజూ సెలవు లేదు. ముప్పై ఎనిమిదే.