సున్నాని మింగిన మూట

ఆఫీసులో ఆమెను అందరూ అనుమానాలక్క అనేవారు, అదీ ముఖం మీదే. ఇరవై రెండేళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ఇంట్లో పాలు కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి వాసన చూసేది. "నన్ను పెళ్లి చేసుకునే ముందు ఆ పరీక్ష ఎందుకు మానేసిందో!" అని భర్త ఇంటికొచ్చినవాళ్ల దగ్గర వాపోయేవాడు.

ఆ రోజు సాయంత్రంలోగా ఆమె సంతకం పెడితే, మర్నాడు ఒక ఆసుపత్రిలో కొత్త ప్రోగ్రాం మొదలవుతుంది. ప్రతి మంచం దగ్గరి యంత్రమూ రోగి నాడిని క్షణక్షణం సందేశాలుగా పంపుతూ ఉంటుంది. ఆ ప్రవాహాన్ని చదువుతూ, నాడి ఆగిపోతే నర్సు బల్ల మీద గంట మోగించడం ప్రోగ్రాం పని. పరీక్షలు నాలుగు వందల పన్నెండు. అన్నీ నెగ్గినట్టు పచ్చగా వెలిగాయి. ఆ పచ్చదనమే ఆమెకు మింగుడుపడలేదు.

ప్రోగ్రాం రాసినతన్ని గళ్లచొక్కా అని పిలిచేవారు. "తప్పు దొరక్కపోయినా బాధేనా అక్కా నీకు?" అన్నాడు.

"ఇన్ని పరీక్షలు నాలుగే నిమిషాల్లో అయిపోయాయేంటి? ఏదో కప్పెడుతున్నావ్ నువ్వు."

"కప్పెట్టేంత తెలివుంటే ఇక్కడెందుకుంటానక్కా?"

ఆమె నవ్వలేదు. అతని రాతంతా వరస వెంబడి వరస తిరగేసింది. అసలు పనిలో ప్రతి సందేశాన్నీ మూటలా కట్టి తీగ మీద పంపాలి, అవతలివైపు విప్పాలి. పరీక్షల్లో మూట కట్టడమే లేదు! సందేశం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఉన్నదున్నట్టు పోతోంది. ఆమె మూట కట్టించి ఒకే ఒక్క సందేశం పంపింది: నాడి సున్నా.

అవతల విప్పితే అంకె లేదు. చోటు కలిసొస్తుందని మూట కట్టే భాగం సున్నాని వదిలేసింది. అంకె కనబడక అవతలి భాగం 'తీగ ఊడింది' అని రాసుకుని ఊరుకుంది. గంట మోగలేదు. ఆగిన గుండెకీ ఊడిన తీగకీ తేడా లేకుండా పోయింది.

"పరీక్షల్లో మూట కట్టడం ఆపేసింది నువ్వే కదూ?" గొంతు లేచింది.

"అది నేను రాకముందటి రాత అక్కా, అన్ని ప్రోగ్రాముల పరీక్షలకీ అదే వాడతాం. ఎవరు మార్చారో అందులోనే ఉంటుంది, చూడు."

చూసింది. మూడేళ్ల కిందటి తేదీ. పక్కన తన పేరే. 'పరీక్షలు ఆలస్యమవుతున్నాయి, ప్రస్తుతానికి ఆపాను' అని తన మాటే. గళ్లచొక్కా నవ్వి ఉంటే బాగుండేది. అతను తల దించుకుని నిలబడ్డాడు.

మేనేజర్ వచ్చాడు. "అయిందా మేడమ్? ఆసుపత్రివాళ్లు అడుగుతున్నారు."

"రేపు కుదరదు సార్."

"ఎవరి పొరపాటు?"

"ఇద్దరిదీ సార్..." అని గళ్లచొక్కా అందుకోబోయాడు.

"నాదే," అందామె. "ఈ మూడేళ్లలో ఇదే పద్ధతిలో పరీక్షించిన ప్రోగ్రాములు ఇంకో ఏడున్నాయి. అన్నీ మళ్లీ చూడాలి."

"అవి బాగానే నడుస్తున్నాయి కదా?"

"నడుస్తున్నాయని ఎవరన్నారు?"

మేనేజర్ ఆమెకేసి వింతగా చూశాడు. "మీరే కదా మేడమ్, సంతకం పెట్టారు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏడింటిలో మొదటిదాన్ని తెరిచింది.