పెన్సిల్‌తో రాసిన ఆర్డరు

మా హెడ్‌మిస్ట్రెస్‌కు పిల్లలు పెట్టుకున్న పేరు పెన్సిల్ మేడమ్. ఆవిడ ఏ నిర్ణయమైనా ముందు ఆర్డర్ల పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తారు. మూడు రోజులు అందరి గొడవా విని, అప్పుడు పెన్నుతో దిద్దుతారు. ఆ పుస్తకాన్ని గదిగదికీ మోసి టీచర్ల సంతకాలు తెచ్చే గుమాస్తాను నేనే. ఈ పద్ధతి వల్ల బడిలో తగాదాలు తగ్గిన మాట నిజం. నా చెప్పులు అరిగిన మాటా నిజమే.

ఆ ఏడాది మాత్రం ఆ పెన్సిలే మా కొంప ముంచేలా ఉంది. పదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారు చివరి బెంచీ పిల్లకు కూడా అర్థమయ్యేదాకా ఒక్క లెక్కనూ వదలరు. పెద్ద పరీక్షలు మూడు నెలల్లో ఉన్నాయి, పాఠాలు సగం కూడా కాలేదు. ఆయన్ను ఆరో తరగతికి మార్చి, పదిని కొత్త టీచరమ్మకు ఇవ్వాలి. కానీ ముప్పై ఏళ్లుగా పది ఆయనదే. పైగా మేడమ్‌కు లెక్కలు నేర్పిందీ ఆయనే.

సోమవారం ఆవిడ ఆర్డరు రాశారు. నేను గుమ్మం దాటకముందే వెనక్కి పిలిచి చెరిపేశారు. మర్నాడూ అంతే. కుర్చీలో కుదురుగా కూర్చోరు. కిటికీ దాకా వెళ్తారు, వస్తారు, సర్దిన ఫైళ్లే మళ్లీ సర్దుతారు.

"ఇంకో వారం చూద్దామా?" అని నన్నడిగారు.

"పరీక్ష రాసేది నేను కాదు కదండీ" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

"ఆయన మొహం చూసి ఎలా చెప్పను?"

అలా రాస్తూ చెరుపుతూ నెల గడిచింది. ఒకరోజు ఆవిడ ఆర్డరు రాసి, ఎవరో తల్లి వస్తే బయటికి వెళ్లారు. నేనిక ఆగలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్లాను.

ఆయన చదివారు. నలిగిపోయిన ఆ కాగితాన్ని వేలితో తడిమి చూశారు. జేబులోంచి పెన్ను తీసి, పెన్సిల్ రాత కిందే సంతకం పెట్టారు. అప్పటికే మేడమ్ పరుగులాంటి నడకతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మాస్టారూ, అది ఇంకా ఖాయం చెయ్యలేదండీ."

"ఎన్నిసార్లు చెరిపావమ్మా?"

ఆవిడ చూపు నలిగిన ఆ పేజీ మీదికి దిగింది.

"నీకు లెక్క రాకపోతే నేను క్లాసంతా ఆపేవాణ్ణి, గుర్తుందా? నాకు చెప్పలేక నువ్వూ క్లాసంతా ఆపావు. నెల రోజులు. వాళ్లకి ఆ నెల ఎవరు తెచ్చిస్తారు?"

ఆయన సుద్దముక్కల డబ్బా తీసుకుని ఆరో తరగతి వైపు వెళ్లారు. మేడమ్ అక్కడే నిలబడి పెన్నుతో అక్షరాలు దిద్దారు. చెరిపి చెరిపి కాగితం ఎంత పలచబడిందంటే, ఇంకు కింది పేజీకి కూడా దిగింది.