హారన్ కొట్టని బస్సు

మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కిన ఆ రోజుకు నా కూతురికి ఐదేళ్లు. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. ఆటిజం కావచ్చని ఒక డాక్టరు అన్నాడు. పరీక్షలు చేసి తేల్చే డాక్టరు కుప్పానికి నెలకోసారి వస్తారట. మా వంతు ఇంకా రాలేదు.

స్టాండు దాటుతూ డ్రైవరు హారన్ కొట్టగానే పాప చెవులు మూసుకుని కేకలు పెట్టింది. "రెండు తగిలిస్తే ఊరుకుంటాది," అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. నేను తల వంచుకుని పాపను గట్టిగా అదుముకున్నాను.

పక్కన టమాటా నారు సంచితో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అందరిలా ఏం జబ్బని అడగలేదు.

"ఏం చేస్తే పాపకు నెమ్మదిస్తాదమ్మా?" అంది.

అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. "హారన్ వినపడకుంటే చాలు," అన్నాను.

ఆవిడ సంచి నా కాళ్ల దగ్గర పెట్టి, కడ్డీలు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి పోయింది. "అప్పా, బిడ్డ తట్టుకోలేకుండా ఉండాది. పుంగనూరు దాకా కొట్టొద్దప్పా," అంది.

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూశాడు. ఆ తర్వాత ఊరు వచ్చినప్పుడల్లా బస్సు నిదానమయ్యేది, కండక్టరు తలుపు దగ్గర నిలబడి "జరగండప్పా" అని చేయి ఊపేవాడు. పాప నా భుజం మీద నిద్రపోయింది. ఆవిడ దారిలోనే దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

తర్వాత పాపను బడిలో చేర్చేటప్పుడు టీచరమ్మ డాక్టరు కాగితం అడిగింది.

"ఇంకా రాలేదు మేడమ్. పాపకు ఏం చేస్తే బాగుంటుందో నేను చెప్తాను," అన్నాను.

ఆమె నోటుబుక్కు తెరిచింది. నేను చెప్తూ పోయాను, ఆమె రాసుకుంటూ పోయింది.